పద్నాలుగో మెట్టు

మా జగ్గయ్యపేటలో నన్ను ఎరిగినవాళ్ళందరికీ ఒక కథ తెలుసు. కోల్డ్ స్టోరేజీ షావుకారు వాస్తు పిచ్చితో ఇనప నిచ్చెనకు ఒక మెట్టు కోయించాడని, ఆ మెట్టు లేకే రత్నం నడుం విరిగిందని. నన్ను చూడడానికి వచ్చిన ప్రతివాడూ ఈ కథ నాకే చెప్పి, నాలుక చప్పరించి, నాలుగు బత్తాయిలు పెట్టి వెళ్ళాడు. ఎనిమిది నెలలు మంచం మీద పడుకుని విన్నాను. ఆ కథలో ఒక్క మాట తప్పు. కోయమని షావుకారు చెప్పలేదు. కోయాలన్న ఆలోచన నాది, గ్రైండర్ పట్టుకున్న చెయ్యీ నాదే.

ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నాను. కుడి పాదం పైకి లేవదు, ఈడ్చుకుంటూ వస్తుంది. ఇంకా బాగవుతుందని చెప్పడం డాక్టరు మానేశాడు. జాలి కోసం ఇది రాయడం లేదు. జాలి ఈ ఏడాది కడుపునిండా తిన్నాను, ఇంతవరకూ అరగలేదు. ఇనప నిచ్చెనలు ఎక్కి డాబాల మీదికి పోయేవాళ్ళూ, వాళ్ళను ఎక్కించేవాళ్ళూ చదువుతారని రాస్తున్నాను.

మా కోల్డ్ స్టోరేజీ నందిగామకు ఇవతల, హైవే పక్కన ఉంటుంది. మిర్చి బస్తాలు పెట్టే గదులు చల్లగా ఉంచే మిషన్లు చూసుకోవడం పదహారేళ్ళుగా నా పని. రోజూ పొద్దున్నే పేటలో బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. మిషన్ రూమ్ వెనక ఒక ఇరుకు గది ఉంది. అందులో గోడకు బిగించిన నిటారు నిచ్చెన, పైన స్లాబులో మనిషి పట్టేంత కంత, దాని మీద ఇనప రేకు మూత. మూతను తలతో, భుజంతో నెట్టి డాబా మీదికి పోవాలి. నీళ్ళ ట్యాంకు, మిషన్లను చల్లబరిచే పైపులు అన్నీ అక్కడే. రోజుకు మూడుసార్లయినా ఎక్కి దిగేవాణ్ణి. ఎండాకాలం అయితే లెక్కే లేదు.

నేను పడ్డ ముందటేడు పెద్ద మిషను రెండుసార్లు మొరాయించింది. షావుకారు కోటేశ్వరరావు గారు పెద్దమనిషి, నోరు మంచిది, కానీ ఏది చెడినా ముందు ఈశాన్యం వైపు చూస్తారు. సెప్టెంబరులో వాస్తు సిద్ధాంతి గారిని తీసుకొచ్చారు. ఆయన ఆవరణంతా తిరిగి, మెట్లు కనపడ్డచోటల్లా ఆగి, "లాభం, నష్టం, లాభం, నష్టం" అని లెక్కపెట్టుకుంటూ చివరికి నా నిచ్చెన దగ్గరికి వచ్చారు. కింది నుంచి వేలు పెట్టి లెక్కపెడితే పద్నాలుగు వచ్చింది. పద్నాలుగోది నష్టం. ఆయన షావుకారు వైపు చూశారు, షావుకారు నా వైపు చూశారు.

"దీన్ని బేసి చేసెయ్యయ్యా రత్నం," అన్నారు షావుకారు. ఇద్దరూ కారెక్కి వెళ్ళిపోయారు.

అంతే అన్నారు. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు నెమరు వేసుకున్నానో నాకే తెలుసు, ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

మాది చర్చికి వెళ్ళే కుటుంబం. వాస్తు మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం ఉన్నవాడైతే మళ్ళీ అడిగి, మంచిరోజు చూసి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాడేమో. నాకది పెద్దాయన ముచ్చట, పావుగంటలో తేల్చేయాల్సిన పని. ఏ మెట్టు తీయాలి? కిందిది తీస్తే పొట్టివాళ్ళు తిట్టుకుంటారు. పైది తీస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను, ఎందుకంటే ఎక్కేటప్పుడు చివర్లో కంత అంచు పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కుంటాం, కాలికి ఆ మెట్టుతో పనుండదు. గ్రైండర్ తీసుకుని ఎక్కి రెండు కొనలూ కోసేశాను. కోసినచోట నున్నగా అరగదీసి, పెయింటు కూడా వేశాను. పని నీటుగా చేయడం నా అలవాటు. కొత్తవాడు చూస్తే అక్కడ మెట్టు ఉండేదని కనిపెట్టలేడు.

ఎక్కేటప్పుడు అక్కర్లేదు, నిజమే. దిగేటప్పుడు మాత్రం అదే కావాలి. దిగేవాడు వెనక్కి తిరిగి, పొట్ట కంత అంచుకు ఆనించి, కనపడని చోటికి కాలు వదులుతాడు. ఆ కాలు వెతికేది ఆ పై మెట్టునే. రోజుకు మూడుసార్లు చొప్పున పదహారేళ్ళు దిగినవాణ్ణి, ఆ సంగతి నాకు తట్టలేదు.

తర్వాత రెండు రోజులకే తెలిసింది. అప్పుడైనా సరిచేశానా? లేదు. అలవాటు చేసుకున్నాను. డాబా మీదికి వచ్చే తక్కినవాళ్ళకు కూడా నేర్పాను, "పైన ఒక మెట్టు ఉండదు, కాలు బాగా కిందికి చాపండ్రా" అని. నెలకోసారి భద్రత కాగితం ఒకటి నింపాలి. నిచ్చెన, మూత, డాబా దారి అని మూడు వరసలు ఉంటాయి. ఎనిమిది నెలలు మూడింటికీ టిక్కు పెట్టి కింద సంతకం చేశాను.

మే నెల, సోమవారం, మధ్యాహ్నం. ట్యాంకులో నీళ్ళు ఆపే బంతి పట్టేసి నీళ్ళు పొర్లిపోతున్నాయని ఎక్కాను. సరిచేసి దిగబోతుంటే డాబా కాలిపోతోంది, చేతులు చెమటతో జారుతున్నాయి, కుడిచేతిలో పానా ఉంది. దాన్ని నడుముకు దోపుకోవాలి, లేదా తాడుకు కట్టి కిందికి దించాలి. పెద్ద దూరమా, పద్నాలుగు అడుగులేగా అని చేతిలోనే ఉంచుకున్నాను. ఎడమచేత్తో మూత అంచు పట్టుకున్నాను. ఆ మూతకు తెరిచినప్పుడు ఆపే కొక్కెం లేదు, నా బరువుకు అది కదిలింది. కాలు మెట్టు కోసం వెతికింది. అలవాటు ప్రకారం ఇంకా కిందికి చాపాలి. ఆ ఒక్కసారి కాలు మర్చిపోయింది.

నేను పడ్డ చప్పుడు నాకు వినపడలేదు. పైన మూత దబ్బుమని పడ్డది మాత్రం విన్నాను. గదంతా చీకటైపోయింది. నొప్పి కూడా లేదు ముందు. లేద్దామని చేతులు నేలకానించాను, నడుం కింద ఎవరిదో ఒళ్ళు ఉన్నట్టుంది. మనవాళ్ళు తలుపు తీసి వెలుతురు పడ్డాక చూస్తే ఎడమ చెప్పు ఊడి దూరంగా ఉంది, పాదం పక్కకి వాలి ఉంది. అది నా పాదమని నమ్మడానికి నా లుంగీ అంచు చూసుకోవాల్సి వచ్చింది. అప్పుడు అరిచాను. కాలు జారినా తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత పుట్టించినవాడు స్లాబులోంచి జారి ఉండడు.

నందిగామ ఆసుపత్రిలో నన్ను చెక్క మీద కట్టి అంబులెన్సులో బెజవాడ పంపారు. కీసర వంతెన మీద కుదుపుకు నడుంలోంచి మొదటి నొప్పి లేచింది. పక్కన మా ఆవిడ సలోమి, బడి టీచరు, వేసవి ట్యూషన్ పాఠం మధ్యలోంచి వచ్చినట్టుంది, వేళ్ళకు సుద్ద అలాగే ఉంది. నా కాలి బొటనవేలు నొక్కుతూ "తెలుస్తుందాండీ, తెలుస్తుందా?" అంటోంది. నేను ఆమె మొహం చూసి "తెలుస్తుంది" అన్నాను. ఆమె అప్పటికి చెయ్యి తీసేసి చాలాసేపయింది. అది గమనించి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆపరేషన్ చేసి వెన్నులో కడ్డీలు వేశారు. దాని సంగతి నాకు పెద్దగా తెలియదు, మత్తు. తెలిసిందల్లా తర్వాతి ఎదురుచూపే. రోజూ పొద్దున పెద్ద డాక్టరు సూదితో పాదాలు గుచ్చుతూ వస్తాడు, నేను కళ్ళు మూసుకుని ఉండాలి. గుచ్చాడో లేదో తెలియక "ఆ" అందామా వద్దా అని పరీక్ష రాసే పిల్లాడిలా తంటాలు పడేవాణ్ణి. సలోమి బయట వరండాలో నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. పందొమ్మిది రోజులు ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు, అది తలుపుకు దగ్గరని.

పక్క మంచం మీద కోదాడ లారీ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. తొంటి విరిగింది. రోజంతా తన లారీని తిట్టుకుంటూ నన్ను నవ్వించడానికి చూసేవాడు. నాకు మలం, మూత్రం తెలియకుండా పోయేవి ఆ రోజుల్లో. మొదటిసారి దుప్పటి పాడైనప్పుడు నేను మొహం గోడకు తిప్పుకుని ఏడ్చాను. ఆయన వాళ్ళావిడను పిలిచి, "అగో, ఆ తెర అడ్డం గుంజు. అన్నకు జర నిద్రొస్తుంది, ఎవ్వరినీ రానియ్యకు," అన్నాడు. నిద్ర రావడం లేదని ఆయనకూ తెలుసు. ఆమె ఆ తెర పట్టుకుని, సలోమి వచ్చేదాకా నిలబడింది. వాళ్ళ పేర్లు అడగలేదు నేను. డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆయన నిద్రలో ఉన్నాడు.

రెండో వారంలో ప్రమాదం విచారించే ఆఫీసరు ఒకడు వచ్చి, ఎలా పడ్డావని అడిగాడు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. "తల తిరిగిందండీ, ఎండ," అన్నాను. నిచ్చెన చూశాడట, నున్నగా ఉంది కదా, రాసుకుని వెళ్ళిపోయాడు. ఇక చూడండి, మా వాళ్ళందరికీ నేను పెద్ద మనసున్నవాణ్ణి అయిపోయాను. నడుం విరిగినా యజమానిని పట్టివ్వలేదని మా పాస్టరు గారు కూడా ప్రార్థనలో అన్నారు. సలోమి మాత్రం పళ్ళు కొరికింది.

"మీ మంచితనమే మిమ్మల్ని ముంచిందండీ. కోయించింది వాళ్ళు, పడుకుంది మీరు. అయినా నోరు మెదపరు."

అప్పుడు చెప్పి ఉండాలి. నోటిదాకా వచ్చింది. ఆమె నా మూత్రం సంచి ఖాళీ చేస్తూ ఆ మాట అంటోంది. ఆ చేతుల్ని చూస్తూ, ఇది నా స్వయంకృతం సలోమీ అని ఎలా అనను? తర్వాత చెప్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఎనిమిది నెలలయింది.

జూన్ మధ్యలో ఇంటికి తెచ్చారు. ముందుగదిలో టీవీ తీసేసి నా మంచం వేశారు. గాలి పరుపు రోజంతా బుస్సుమంటూ ఉండేది. రెండు గంటలకోసారి నన్ను పక్కకు తిప్పాలి. సలోమి స్కూలు మానేసింది. నాకు పాదాల్లో మంటలు మొదలయ్యాయి, లేని కాళ్ళు కాలుతున్నట్టు. మంట వస్తే బతికే లక్షణం అన్నాడు డాక్టరు. అంత బతుకు వద్దని ఒకరోజు కంచం విసిరికొట్టాను. సలోమి మెతుకులు ఏరింది. ఆ మర్నాడు నేను తనకు చిన్నపిల్లాడిలా కథలు చెప్పి నవ్విస్తే, నవ్వుతూనే ఏడ్చింది. ఇల్లు అలా ఉండేది.

షావుకారు గారు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ గుమ్మంలోనే నిలబడ్డారు. కుర్చీ వేసినా కూర్చోలేదు. మనిషి సగమయ్యారు, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. "ఎట్టా ఉందయ్యా?" అన్నారు. "పర్లేదండి," అన్నాను. ఇంకేదో అడగాలని పెదవులు కదిపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆయన ఏమడగాలనుకున్నారో నాకు తెలుసు. తెలిసే కళ్ళు మూసుకున్నాను.

ఆగస్టులో వాళ్ళావిడ వచ్చింది, క్యారియరు పట్టుకుని. ముసలావిడ, మోకాళ్ళ నొప్పులతో మా సందులో నడిచి వచ్చింది. సలోమి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పప్పుచారు, బీరకాయ కూర తెచ్చానమ్మా. రత్నానికి ఇష్టమని ఆయన చెప్పారు."

"మాకు కూడు లేక పడి లేమండి. మీ కూడు తిని మీ నిచ్చెన ఎక్కేగా మా ఆయన ఇట్టా అయ్యాడు. మీకూ కొడుకులున్నారుగా, వాళ్ళని ఎక్కించండి ఆ మెట్లు. లాభమో నష్టమో తెలుస్తుంది."

ఆవిడ వెనక్కి తిరిగింది. క్యారియరు చప్పుడు సందు చివరిదాకా వినపడింది. నేను మంచం మీద తేలు కుట్టిన దొంగలా పడుకుని ఉన్నాను. సలోమి లోపలికి వచ్చి, "సరిగ్గా అన్నానా?" అని అడిగింది. నేను మంచినీళ్ళడిగాను.

సెప్టెంబరు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి రావడం మొదలుపెట్టింది. వాకరు పట్టుకుని లేచి నిలబడ్డ రోజు నేను, సలోమి, ఆ అమ్మాయి ముగ్గురం ఏడ్చాం. ఎడమ కాలికి బలం వచ్చింది, కుడికి సగమే. ఆ అమ్మాయి ఒక చెక్క పలక తెచ్చి నేల మీద పెట్టి, దాని మీదికి ఎక్కి దిగమనేది. పదిహేను రోజులు అదొక్కటే మెట్టు. ఒకరోజు, "అంకుల్, బాగా చేస్తున్నారు, ఇంకోటి కలుపుదాం," అని పలక మీద పలక పెట్టింది.

ఇంకోటి కలుపుదాం.

అక్కడే మంచం మీద కూలబడ్డాను. ఆ అమ్మాయి నడుం పట్టేసిందనుకుంది. పద్నాలుగులోంచి ఒకటి తీస్తే బేసి. పద్నాలుగుకి ఒకటి కలిపినా బేసే. ఏడాది పొడుగునా ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. ఒకటో తరగతి పిల్లను అడిగితే చెప్పేది. కంతకు పైన, డాబా మీద ఇంకో మెట్టు లేపి, రెండు పక్కలా చేతికి పట్టు దొరికేలా కడ్డీలు నిలబెడితే షావుకారుకు లాభం వచ్చేది, దిగేవాడికి ప్రాణం నిలిచేది. తర్వాత వెల్డర్లను, తెలిసినవాళ్ళను అడిగితే, అసలు ఆ దారులు ఉండాల్సింది అలాగేనట. నిచ్చెన పక్క కడ్డీలు కంత దగ్గర ఆగిపోకూడదు, మనిషి నడుం ఎత్తు దాటి పైకి రావాలి, నిలబడి పట్టుకుని దిగేలా. మూత తెరిస్తే తనంతట తాను పడకుండా కొక్కెం ఉండాలి. చేతిలో సామాను పెట్టుకుని ఎవడూ దిగకూడదు, కింద ఒక మనిషి లేకుండా ఎవడూ ఎక్కకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇవన్నీ మంచం మీద నేర్చుకున్నాను. మీరు కాళ్ళ మీద ఉండగానే నేర్చుకోండి.

కలపడం నాకు తట్టకపోవడానికి కారణం కూడా తెలుసు. కలపాలంటే స్లాబు కొట్టాలి, వెల్డరు రావాలి, ఒక రోజు పని. కోయడానికి గ్రైండర్ చేతిలోనే ఉంది.

దసరా వెళ్ళాక మా బావమరిది సురేషు వచ్చాడు. వత్సవాయిలో ట్రాక్టరు తోలుకునేవాడు, సలోమికి ప్రాణం. తల్లి లేని పిల్లాణ్ణి తనే ఎత్తుకుని పెంచింది. వాడు గుమ్మంలోంచే అరిచాడు.

"బావా, షావుకారు కబురు పెట్టాడు. నీ పని నువ్వు వచ్చేదాకా నన్ను చూసుకోమన్నాడు. రేపట్నుంచి పోతన్నా."

సలోమి ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకుంది. ఇంట్లోకి ఒకరి జీతమైనా రావాలి కదా. ఆ మెట్టు పెట్టించారా అని వాణ్ణి అడగాలి. ఒక్క ప్రశ్న. కానీ ఆ ప్రశ్న వేస్తే దాని వెనక ఇంకో ప్రశ్న వస్తుంది, దాని వెనక ఇంకోటి. మనిషి నడుం విరిగాక ఎవడైనా అలాగే వదిలేస్తాడా, పెట్టించే ఉంటారు అని నాకు నేనే చెప్పుకున్నాను. "జాగ్రత్తరా" అన్నాను వాడితో. వాడు నవ్వి నా వాకరు మీద రెండు దరువులేసి పోయాడు.

అడగలేదు. మూడు నెలలు అడగలేదు. నా జబ్బులో అన్నిటికంటే సిగ్గుపడే సంగతి ఇదే.

జనవరి ఆఖరి ఆదివారం. వాళ్ళు చర్చి నుంచి వచ్చాక అందరం కోడికూర తింటున్నాం. నేను అప్పటికి కుర్చీలో కూర్చుని తినగలుగుతున్నాను. సురేషు లుంగీ పైకి మడిచి కుడి కాలు చాపాడు. మోకాలి కింది నుంచి చీలమండదాకా చర్మం గీరుకుపోయి పక్కు కట్టి ఉంది.

"చూసావా బావా, నీ మెట్టు కాడ నాక్కూడా తప్పింది మొన్న. కంత అంచు పట్టుకుని వేలాడా. కాళ్ళు గాల్లో కొట్టుకుంటా ఉంటే కింద మేస్త్రి నవ్వుతా ఉన్నాడు, ఈతకొడుతున్నావేంట్రా అని."

వాడూ నవ్వుతున్నాడు. సలోమి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అది ఇంకా పెట్టించలేదా?" అంది.

"ఎవడు పెట్టిస్తాడక్కా? షావుకారు అసలు ఆ పక్కకే రాడు. బావ పడ్డ కాడ్నించి మిషన్ రూమ్‌లో కాలు పెట్టలేదంట. ఆ నిచ్చెన మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు."

సలోమి లేచి శాపనార్థాలు మొదలుపెట్టింది. వాళ్ళ వంశం, వాళ్ళ వాస్తు, వాళ్ళ లాభాలు. రేపే పోయి ఆ ముసలాయన్ను నలుగురిలో నిలదీస్తానంటోంది. వాడి పిక్క మీద ఆ గీరుడు నా కళ్ళెదురుగా ఉంది. ఆ గీత ఇంకొక్క జానెడు పైకి పోతే వాడూ నా పక్కన ఇంకో గాలి పరుపు.

"సలోమీ, ఆయన్ని అనకు. ఆయన కోయమనలేదు," అన్నాను.

"మళ్ళీ మొదలుపెట్టారా మీ మంచితనం!"

"మంచితనం కాదు. బేసి చెయ్యమన్నాడు, అంతే. కోసింది నేను. కలపొచ్చని తట్టలేదు. తేలిగ్గా పోద్దని కోసా."

సురేషు తినడం ఆపేశాడు. సలోమి నన్ను చూస్తూ నిలబడింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండేది. గరిటె గిన్నెలో పెట్టి, తమ్ముడి కాలు దగ్గర కూర్చుని, పక్కు చుట్టూ వేలితో తడిమింది.

"ఎనిమిది నెలలు," అంది, నా వైపు చూడకుండా. "మీ ఒళ్ళు తుడిచా. మీ కాళ్ళు పట్టి ఎత్తి దించా. ఒక్క పూటన్నా చెప్పాలనిపించలేదా మీకు? వీణ్ణి పంపేటప్పుడన్నా?"

"భయమేసింది," అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

"రేపు పొద్దున వాళ్ళింటికి పోవాలి. మీరే చెప్పాలి."

అప్పటిదాకా నేను వాకరుతో వరండా దాటింది లేదు. మర్నాడు సురేషు పని మానేసి ఆటో తెచ్చాడు. సలోమి నాకు ఇస్త్రీ చొక్కా తొడిగింది, బొత్తాలు పెట్టింది, కుడి కాలికి పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించింది. అన్నీ ఎప్పట్లాగే చేసింది.

షావుకారు గారి ఇల్లు బజారు వెనక వీధిలో. ఇంటి ముందు మూడు ఎత్తు మెట్లు, పట్టుకోవడానికేమీ లేదు. నేను కిందే ఆగిపోయాను. ఆయన బయటికి వచ్చి, నేను నిలబడి ఉండడం చూసి, "అయ్యో, నడుస్తున్నావా!" అని చేతులు జోడించారు. ఆ దండం నాకు పెట్టారో దేవుడికో తెలియలేదు. నేను ఎక్కలేనని అర్థమై ఆయనే దిగి వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నారు.

మాటలు కూడగట్టుకుని వచ్చాను. అన్నీ పోయాయి.

"అయ్యా, మీరు కోయమనలేదండీ," అన్నాను.

ఆయన తల ఎత్తారు. "ఏంటి?"

"ఆ రోజు బేసి చెయ్యమన్నారు. కొయ్యడం నా ఆలోచనండి. ఎవరికీ చెప్పలేదు నేను. మీ మీదికి పోనిచ్చా."

ఆయన నా మొహంలోకి చూశారు. కళ్ళ కింద నల్లగా ఉంది. "కొయ్యి అన్నాననే అనుకుంటున్నానయ్యా," అన్నారు మెల్లగా. "అందరూ అంటుంటే నేనే అన్నాననుకున్నా. నా గొంతు నాకు వినపడేది, కొయ్యి రత్నం, కొయ్యి రత్నం అని. ఆ గదిలోకి పోలేకపోయా. ఎవరన్నా బాగుచేయిస్తారులే అనుకున్నా. నేను మాత్రం చూడలేకపోయా."

సురేషు లుంగీ పైకి లాగి కాలు చూపించాడు. పెద్దాయన ఆ గీరుడు చూసి కళ్ళజోడు తీసేశారు. జేబులోంచి ఫోను తీసి అక్కడే వెల్డరుకు చేశారు. నంబరు రెండుసార్లు తప్పింది. కోసిన మెట్టుతో కలిపి పైన రెండు మెట్లు, రెండు పక్కలా నడుం ఎత్తు దాటేలా కడ్డీలు, మూతకు కొక్కెం, అన్నీ ఇవాళే అన్నారు. అది అయ్యేదాకా ఎవరూ ఎక్కొద్దని సురేషుకు చెప్పారు. తర్వాత లేచి, నా భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే లోపలికి వెళ్ళిపోయారు. నన్ను క్షమించాననలేదు. నేను అడగలేదు కూడా, అడిగే మొహం లేదు.

వాళ్ళావిడ మంచినీళ్ళు తెచ్చింది. సలోమి గ్లాసు తీసుకోకుండా ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ముసలావిడే ఆమె తల నిమిరి, చెవి దగ్గర ఏదో చెప్పింది. నాకు వినపడలేదు.

తిరుగుదారిలో ఆటోలో సలోమి నా పక్కన కూర్చుంది. బజారు దాటాక అడిగాను, ఆవిడ ఏమందని.

"నన్ను క్షమించమ్మా, నీ పసుపుకుంకాలకు గండం తెచ్చాం అంది," అంది సలోమి. "నేను అడగాల్సిన మాట ఆవిడ అడిగింది. వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదని అప్పటికి ఆవిడకు తెలీదు. ఆయన లోపలికి పోయి ఇంకా చెప్పలేదు. నేను అక్కడే నిలబడి, అవునని తలూపా. మీలాగే."

సురేషు మలుపులో గట్టిగా తిప్పాడు. నేను పక్కకు వాలబోతే సలోమి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆటో మళ్ళీ సాఫీగా పోతుంటే చెయ్యి వదిలేసి, మిగిలిన దారంతా బయటికి చూస్తూ కూర్చుంది.